తువ్వాల కింద డాట్ కామ్

ముందే చెబుతున్నాను, మా సంఘం పేరు ఇందులో ఎక్కడా రాయను. మర్యాద కోసమని అనుకోకండి. ఆ పేరును ఒకసారి పట్టించుకోకుండా వదిలేస్తే ఏమైందో కళ్లారా చూసినవాణ్ణి. మళ్లీ ఎవరైనా దానికి ఏదో తోక తగిలించి ఇంటర్నెట్‌లో రాయించుకుంటే, విడిపించుకురావడానికి ఇప్పుడు నా మోకాళ్లు సహకరించవు.

మాది జగిత్యాల. సిరిసిల్లలో ఒక మరమగ్గాల సహకార సంఘంలో కార్యదర్శిగా చేరాను. ఏడాది చేసి మంచి ఉద్యోగం చూసుకుందామని వెళ్లినవాణ్ణి, అక్కడే రిటైరయ్యాను. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. మొదట్లో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, తర్వాత అది లేకపోతే పట్టేది కాదు. కార్యదర్శి అనగానే పెద్దగా ఊహించుకోకండి. తీర్మానాలు రాయడం, కరెంటు బిల్లు కట్టడం, సభ్యులు కొట్టుకోబోతే మధ్యలో నిలబడటం, ఇంతే నా కొలువు. ఈ కాలపు పిల్లలకు చెప్పదగినది అందులో ఒక్కటే ఉంది. మా పేరును మేమే కొనుక్కున్న సంగతి.

ఆ రోజుల్లో సిరిసిల్లలో చప్పుడు తగ్గిపోయింది. నేసిన గుడ్డ గోదాముల్లో పడి ఉండేది, కొనేవాడు లేడు. వయసులో ఉన్నవాళ్లు మహారాష్ట్రలో మగ్గాలుండే భీవండికి బస్సెక్కారు. కొందరు ఉన్నదమ్ముకుని గల్ఫ్ విమానం ఎక్కారు. ఎటూ పోలేనివాళ్ల ఇళ్లలో జరిగిన చావుల గురించి ఇక్కడ రాయలేను. సంఘం తరఫున ఆ వాకిళ్లలో చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి.

అలాంటప్పుడు మాకొక ఆర్డరు వచ్చేట్టు కనిపించింది. హైదరాబాదులో నాలుగైదు ఆసుపత్రులు నడిపే ఒక కంపెనీ మా దగ్గర పడక దుప్పట్లు కొంటానంది. గుడ్డ చూశారు, నచ్చింది. ధర చెప్పాం, నచ్చింది. ఇక సంతకమే అనుకుంటుండగా కొనుగోళ్ల ఆఫీసరు ఫోను చేశాడు. సరుకు వేసేవాళ్లకు సొంత పేరుతో వెబ్‌సైటు, దాని పేరుతోనే మెయిలు ఉండాలట. అది వాళ్ల రూలు. నెలాఖరులోగా లేకపోతే ఆర్డరు షోలాపూర్‌కు పోతుందన్నాడు.

"సార్, దుప్పటికి వెబ్‌సైటెందుకు?" అని అడిగాను.

"ఫారంలో గడి ఉంది. అది నింపాలి" అన్నాడు. అంతకన్నా మంచి కారణం నాకు సర్వీసులో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

సరేనని బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. దాన్ని నడిపే అమ్మాయి మా పేరు కొట్టి చూసి, "మీ పేరు ఎవరో ఇదివరకే తీసుకున్నరు సార్" అంది. ఇంటర్నెట్‌లో ఒక పేరు ఒక్కరికేనట. ముందు ఎవరు రాయించుకుని ఏటా కొంత కడుతుంటే వాళ్లదేనట. ఎప్పటికైనా అమ్ముకోవచ్చని ఇలా ఊరికే పేర్లు రాయించి పెట్టుకునేవాళ్లు ఉంటారట. మా పేరు మీద నొక్కితే ఒక తెల్ల పేజీ వచ్చింది. దాని మధ్యలో ఇంగ్లీషులో, ఈ పేరు అమ్మకానికి ఉంది, కావలసినవారు రాయగలరు అని ఉంది. ముప్పై ఏళ్ల సంఘం, రెండుసార్లు మంత్రులు దండలు వేయించుకున్న సంఘం, అమ్మకానికి ఉంది.

ఎంతకిస్తారు అని ఒక మెయిలు రాయించాను. జవాబు లేదు. ఇంకోటి రాయించాను, దానికీ లేదు. ఆ అమ్మాయే ఏవేవో నొక్కి యజమాని వివరాలు పట్టింది. ఎక్కడో అమెరికావాడో బొంబాయివాడో అనుకున్నాను. ఊరు కోరుట్ల అని ఉంది. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరంలో కూర్చుని మా పేరు పట్టుకున్నాడు.

ఎంత ఇవ్వజూపాలో తేల్చడానికి కమిటీ కూర్చుంది. ఈ సమావేశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి నేనే మినిట్స్ రాశాను, రాయలేనివి చాలా మిగిలిపోయాయి.

మా ప్రెసిడెంటు వయసు మళ్లిన నేతకారుడు, నిదానస్తుడు. ప్లాస్టిక్ కుర్చీలో బాసిపట్టు వేసుకుని కూర్చుని ముందు అందరి మాటా విన్నాడు. జవాబు రాకపోవడమే అసలు ఎత్తుగడ అని కోశాధికారి తేల్చాడు. "గాడు ఉస్తాద్. మనం మంట మీదుంటె సల్లగ కూసుండి సూస్తున్నడు" అన్నాడు. అందరూ తలలూపారు. కనిపించని ఆ మనిషి మీద నాకూ ఒక భయంలాంటి గౌరవం ఏర్పడింది.

ఉపాధ్యక్షుడు అప్పుడే ఇంటికి కొత్త బోర్డు రాయించుకుని ఉన్నాడు. "పెయింటరు అక్షరానికి ఇరువై దీసుకున్నడు. గీయనకు యాభై లెక్కగడ్దాం, ఎక్కువిచ్చినట్టే" అన్నాడు. అది అందరికీ న్యాయంగా తోచింది. నేను మా పేరులో ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సహకార సంఘం పేరు కదా, తొందరగా అయ్యేది కాదు. తెలుగులో లెక్కపెడితే తగ్గుతాయి కదా అన్నాడు కోశాధికారి. వత్తులకు విడిగా కట్టాలా, అక్షరంతోపాటే వస్తాయా అన్న దగ్గర మాట పెరిగి సమావేశం టీకి ఆగింది.

టీ తర్వాత సగం పేరే కొందామన్న ప్రతిపాదన వచ్చింది. మిగతాది జనం అర్థం చేసుకుంటారని. పేరుకు ముందు న్యూ అని తగిలిద్దామన్నది ఇంకొకటి, హోటళ్లవాళ్లు చేస్తారే, అలా.

"న్యూ అని పెడితె పాతది దివాలా దీసిందనుకుంటరు" అన్నాడు ప్రెసిడెంటు.

"అనుకునుడేముంది" అన్నాను నేను. నా మాట ఎవరికీ నచ్చలేదు.

చివరికి ప్రెసిడెంటే కాళ్లు కిందికి దించి మాట్లాడాడు. "పేరు విలువెంతనో నాకు తెల్వది, మీకూ తెల్వది. గని ఆర్డరు పోతె మనకెంత పోతదో తెలుసు గద. గా పొయ్యేదానికంటె తక్కువకచ్చిందనుకో, ముంచినోడు లేడు." ఆ లెక్క వేసి, నలభై వేల రూపాయలకు మించకుండా, వీలైనంత తక్కువకు, అని తీర్మానం రాయించాడు. పిల్లలూ, మీరు పెద్ద పెద్ద చదువులు చదివి పేర్లకు ధర కట్టే పద్ధతులు నేర్చుకున్నారట. ఆ వృద్ధుడి పద్ధతికన్నా మంచిది దొరికితే నాకు చెప్పండి.

యజమాని చిరునామా పట్టుకుని కోరుట్లలో తెలిసినవాళ్ల ద్వారా ఫోను నంబరు సంపాదించాను. ఎత్తింది తండ్రి. కొడుకు మస్కట్‌లో ఉన్నాడనీ, ఇక్కడి వ్యవహారాలు తానే చూస్తాననీ చెప్పాడు. ఎంతకిస్తారని అడిగాను.

"ఫోన్ల బేరం జెయ్య. మనిషి రావాలె, చెయ్యి గలవాలె" అని పెట్టేశాడు.

ఆయన సంగతి తర్వాత తెలిసింది. కల్లు గీసే కుటుంబమే కానీ, ఈయన మాత్రం చిన్నప్పుడే తాడిచెట్టు దిగి అంగట్లో, అంటే పశువుల సంతలో, ఎడ్ల బేరాలకు వెళ్లాడు. కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల అంగళ్లలో ఆయన కుదిర్చిన బేరం తప్పిపోయింది లేదంటారు. ఎడ్ల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియకూడదు కదా. నాలుగు వేళ్లు పడితే నాలుగు. వేలా, పదివేలా అన్నది ఎవరూ చెప్పుకోరు. ఎద్దు ముందర నిలబడి ఉంటుంది కాబట్టి ఆ సంగతి ఇద్దరికీ తెలిసే ఉంటుంది.

మా ప్రెసిడెంటుకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒకప్పుడు ఆయన ఇంట్లోనూ ఎడ్లుండేవి. కొత్త తువ్వాల ఒకటి మడిచి భుజాన వేసుకుని నాతో బయల్దేరాడు. వేములవాడలో బస్సు మారి, కథలాపూర్ మీదుగా కోరుట్ల చేరాం. దారిపొడవునా ఆయన వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ కూర్చున్నాడు. పక్క సీటావిడ అనుమానంగా చూసి వెనక సీటుకు మారింది.

ఇంటి ముందు రేకుల పందిరి. దాని కింద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పెద్దాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. తెల్లని మీసం, నిటారు మనిషి. కాళ్లు కడుక్కోవడానికి నేను వెనక్కి వెళ్తే, ఆయన కోడలు చెంబు అందిస్తూ గొంతు తగ్గించింది.

"సారూ, జర ఇనుండ్రి. మా మామకు ఇది తెల్వది. మా ఆయనకు ఆరు నెలల సంది జీతం లేదు. కంపెనీ మూసుకున్నరు. క్యాంపుల పక్కోళ్లు వండుకున్నదాంట్ల ఇంత పెడితె తింటున్నడు. వీసా అయిపోయి జుర్మానా పడ్డది. ముప్పై అయిదు వేలైతె జుర్మానా గట్టి టికెటు దీసుకోని ఇంటికస్తడు."

"మీ మామకు ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తె ఇల్లమ్ముతడు సారూ. మా ఆయన మస్కట్ పొయ్యేటప్పుడే ఉన్న ఎకరం పోయింది. పిల్లలతోని నేనేడికి పోవాలె?"

మా మెయిళ్లకు జవాబెందుకివ్వలేదని అడిగాను. అప్పటికి నా బుర్రకు అదే తట్టింది.

"ఎంతని రాయాలె సారూ? తక్కువ రాస్తె టికెటుకు రాదాయె. ఎక్కువ రాస్తె మీరు మల్ల రాయరేమోనని భయపడ్డడు. రోజూ మీరు రాసినయే తీసి సదువుకుంటున్నడట."

మా కోశాధికారి చెప్పిన ఉస్తాద్ ఇతనే. నాకు చాలా సిగ్గేసింది. ఆమెకు నేను మాటేమీ ఇవ్వలేదు, ఇచ్చే అధికారం నాది కాదు.

తిరిగి వచ్చేసరికి పందిరి కింద కార్యక్రమం మొదలైపోయింది. ఇరుగుపొరుగు పది మంది చేరారు. పెద్దాయన సరుకు గుణగణాలు చెబుతున్నాడు. ఇంటర్నెట్‌లో పేరంటే ఏమిటో ఆయనకు తెలియదు. కానీ ఏదైనా అమ్మేటప్పుడు ముందు దాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలన్నది ఆయన వృత్తి ధర్మం.

"నా కొడుకు దీన్ని కొని నాలుగేండ్లయితుంది. మంచి వయసు. ఇంతవరకు ఒక్కనాడు పనికి గట్టలే, కొత్తది కొత్తదున్నట్టే ఉన్నది. ఎవ్వలినీ పొడిచింది లేదు, తన్నింది లేదు."

"మేతెంత?" అన్నాడు మా ప్రెసిడెంటు గంభీరంగా.

"ఏడాదికొక్కపారి. గంతే. మల్ల నీళ్లు గూడ అడుగది."

జనంలోంచి మెచ్చుకోలుగా ఒక మూలుగు వచ్చింది. నేను ప్రెసిడెంటుకు కనుసైగ చేశాను, పక్కకు వస్తే కోడలు చెప్పింది చెబుదామని. తగ్గించమంటున్నానని అనుకున్నాడాయన. నాకు తెలియదా అన్నట్టు తిరిగి కన్ను కొట్టి తువ్వాల కప్పాడు.

ఇక వాళ్ల చేతులు మాట్లాడుకోవడం మొదలైంది. ముఖాలు మాత్రం బయట ఉన్నాయి. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ప్రెసిడెంటు నిట్టూర్చి ఆకాశం వైపు చూశాడు. పెద్దాయన చెయ్యి లాగేసుకుని, ఇగ మీరు పోవచ్చు అన్నట్టు మీసం దువ్వుకున్నాడు. ప్రెసిడెంటు లేచి నాలుగడుగులు వేశాడు. నేనూ లేచాను. ఆయన ఆగితే నేనూ ఆగాను. జనం ఇద్దరినీ పట్టి లాగి కూర్చోబెట్టారు. మళ్లీ తువ్వాల. ఈసారి పెద్దాయన కళ్లు చిన్నవి చేసి కొంచెంసేపు ఆలోచించి, ప్రెసిడెంటు అరచేతిలో చప్పున కొట్టాడు. బేరం కుదిరింది. అందరి ముఖాలూ వెలిగాయి. ప్రెసిడెంటు జేబులోంచి నూటపదహార్లు తీసి బయానా ఇచ్చాడు. పెద్దాయన కళ్లకద్దుకున్నాడు. అంత మర్యాదగా ముగిసిన వ్యవహారాన్ని నేను మళ్లీ చూడలేదు.

మిగిలింది కాగితం. అది నా పని. స్టాంపు పేపరు తీసి, ఫలానా పేరును ఫలానావారికి అని రాసుకుంటూ వచ్చి, మొత్తం దగ్గర ఆగి తలెత్తాను. "ఎంత రాయాలె?"

ఇద్దరూ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ఇంతమందిలో పైకి అడుగుతావా అన్నట్టు. ముందు ప్రెసిడెంటు వంగి నా చెవిలో అన్నాడు, "నాలుగు. పదివేలు నాలుగు. తీర్మానంల ఉన్నదాని మీద ఒక్క పైస ఎక్కువ పోలే." ఆయన గొంతులో ఎంత గర్వమంటే, తగ్గింపు ఏమీ దొరకలేదన్న సంగతి కూడా ఆయనకు గుర్తున్నట్టు లేదు. తర్వాత పెద్దాయన ఇంకో చెవిలో వంగాడు. "నాలుగు వేలు రాయి సారూ. మీ ప్రెసిడెంటు జబర్దస్తు మనిషి, గని నేనే గెలిచిన. కండ్లకు కనవడని సరుకది, వెయ్యికి ఎవ్వడు కొంటడు?"

మస్కట్‌లో ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. కొడుకు అక్కడ సుఖంగా ఉన్నాడనీ, ఊరికే పడి ఉన్న ఆటవస్తువును తాను మంచి ధరకు తోలేశాననీ సంతోషిస్తున్నాడు. ఎద్దు కనబడదు కాబట్టి ఇద్దరి వేళ్లకూ ఒకటే లెక్క, రెండు ధరలు. వాటి మధ్య తేడా ఎంతో ఆ పందిరి కింద నాకొక్కడికే తెలుసు. చాటల మధ్య కూర్చున్న కోడలు ఆకు కత్తిరించడం ఆపి నా కలం వైపే చూస్తోంది.

నాలుగు వేలని రాస్తే నేను మంచి కార్యదర్శిని. తిండికి కటకటలాడుతున్న నేతకారుల సొమ్ము ముప్పై ఆరు వేలు మిగిల్చినవాణ్ణి. నలభై అని రాస్తే ఒక మనిషి విమానం ఎక్కుతాడు. చివరికి ఉద్యోగ ధర్మాన్ని అడ్డం పెట్టుకున్నాను. నాకు యజమాని ప్రెసిడెంటు, ఆయన నలభై అన్నాడు, నలభై రాశాను. సర్వీసు మొత్తంలో ప్రెసిడెంటు మాటను అక్షరం పొల్లు పోకుండా పాటించింది అదొక్కసారే.

కాగితం రాశాక పైకి చదివి వినిపించాలి కదా. చదివాను. "అక్షరాలా నలభై వేల రూపాయలు" అన్న చోటికి వచ్చేసరికి పందిరి కింద అందరూ పెద్దాయన వైపు తిరిగారు.

పెద్దాయన సంతోషిస్తాడని అనుకున్నాను. నా తెలివి అంతే. అంగట్లో జీవితం గడిపిన మనిషి, నాలుగు వేలకు ఒప్పుకున్న సరుకుకు ఎవడైనా నలభై వేలిస్తానంటే ఏమనుకుంటాడు?

"ఆగుండ్రి, ఆగుండ్రి" అని లేచి నిలబడ్డాడు. "నేను నాలుగు వేలన్న. మీరు నలభై ఇస్తమంటున్నరు. అంటె దీంట్ల నాకు తెల్వంది ఏందో ఉన్నది. నేనియ్య. నాలుగు లక్షలైతె జెప్పుండ్రి."

ఆ మాట విని మా ప్రెసిడెంటు కూడా లేచాడు. "నాలుగు వేలన్నవా? మరి నాలుగు వేలే రాయాలె గద. సెక్రెటరీ, గది కొట్టెయ్, నాలుగు వేలని రాయి."

"నేనన్నది నాలుగు లక్షలు."

"నువ్వన్నది నాలుగు వేలు, గిప్పుడే నీ నోటితోని అన్నవు."

ఒకాయన లక్షల్లోకి ఎక్కుతున్నాడు, ఒకాయన వేలలోకి దిగుతున్నాడు. పద్ధతీ మర్యాదా అని ఇంతసేపూ ధర గురించి పెదవి విప్పని ఇద్దరు ముసలివాళ్లు వీధి చివరిదాకా వినబడేలా అంకెలు అరుచుకుంటున్నారు. జనం రెండు పక్షాలైపోయారు. ఒకాయన అయితే నాలుగు లక్షలు కూడా తక్కువేననీ, దాంట్లో బంగారం ఉండి ఉంటుందనీ అన్నాడు. బయానా నూటపదహార్లు ప్రెసిడెంటు జేబులోకీ పెద్దాయన చేతిలోకీ రెండుసార్లు తిరిగాయి. నెలాఖరు దగ్గరపడింది. బేరం చెడితే ఇక వేరే దారి లేదు. అంతా నేను పైకి చదవడం వల్లే అయిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు కోడలు చాట పక్కన పెట్టి లేచింది. కొంగు సర్దుకుని, మామగారి ముందుకు వచ్చి నిలబడి, అంతమందిలో పైకే చెప్పింది.

"మామా, ముప్పై అయిదు వేలు గావాలె."

"నువ్వు ఊకో బిడ్డా. నీకు తెల్వది, ఇది పెద్ద సరుకు."

"సరుకేం లేదు మామా. ముప్పై అయిదు వేలైతె మీ కొడుకు ఇంటికస్తడు. గంతే గావాలె."

"అచ్చుడేంది? ఆడ మంచిగున్నడు గద."

"లేడు మామా" అంది. నాకు పెరట్లో చెప్పినదంతా అందరి ముందూ చెప్పింది. ఏడవలేదు. జీతం సంగతి, క్యాంపు సంగతి, జుర్మానా సంగతి ఒక్కొక్కటే చెప్పింది. చెబుతుంటే మిగతా బీడీల ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లకు ముందే తెలుసు. వాడకట్టు మొత్తంలో తెలియనిది ఆ తండ్రికొక్కడికే.

పెద్దాయన మంచం మీద కూలబడ్డాడు. "తిన్నడా ఇయ్యాల?" అని అడిగాడు కోడలిని. ఆయన మా ప్రెసిడెంటు వైపు తిరిగాడు.

"మీరెంతిస్తరో ఇయ్యుండ్రి అన్నా. ఇగ నేనేమనను."

మా ప్రెసిడెంటు తమ్ముడు భీవండి పోయి తిరిగి రాలేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరూ ఎత్తేవాళ్లం కాదు. ఆయన పెద్దాయన పక్కన మంచం మీదే కూర్చున్నాడు. "నలభై అన్న నేను. నలభైయే ఇస్త. నా మాట నేను తప్పను."

ఇక్కడితో అయిపోయిందని అనుకుంటున్నారా? పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ముప్పై అయిదు. నా కోడలు చెప్పిందంతే. ఐదువేలు ఎక్కువ దీసుకుంటె రేపు అంగట్ల నన్నెవడు నమ్ముతడు?"

"నలభై అంటున్న గద. తీర్మానం ఉన్నది."

"నీ తీర్మానం నీ ఇంట్ల వెట్టుకో. ముప్పై అయిదు."

మళ్లీ గొంతులు లేచాయి. ఈసారి కొనేవాడు పైకి లాగుతున్నాడు, అమ్మేవాడు కిందికి లాగుతున్నాడు. ఏ వ్యాపార శాస్త్రంలోనూ ఇలాంటి బేరం రాసి ఉండదు. చివరికి కోడలే విసుగెత్తి, "సారూ, ముప్పై అయిదని రాసెయ్యుండ్రి, బస్సు పోతది మీకు" అంది. రాశాను. చెక్కు ఆమె చేతికే ఇచ్చాం. ఆ సాయంత్రమే మస్కట్ నుంచి అతను ఎవరిదో కంప్యూటరు అడిగి తీసుకుని పేరు మాకు మార్చేశాడు. ఇంత గొడవ జరిగిన పని అక్కడ ఒక మీట నొక్కితే అయిపోయిందట.

వెబ్‌సైటు గడువులోగా పెట్టాం. ప్రెసిడెంటు ఫొటో, దుప్పటి ఫొటో. ఆర్డరు వచ్చింది, అనుకున్నదాంట్లో సగం. కొంతకాలం సాంచాలు ఆడాయి, కొందరు భీవండి ప్రయాణాలు ఆపుకున్నారు. ఒకసారి ఆ కొనుగోళ్ల ఆఫీసరును మా వెబ్‌సైటు ఎలా ఉందని అడిగాను. తెరిచి చూడలేదన్నాడు. గడిలో టిక్కు పెట్టాడట.

పెద్దాయన కొడుకు మస్కట్ నుంచి వస్తున్నాడని కబురందిన రోజు నేను జగిత్యాలలో మా ఇంట్లోనే ఉన్నాను. హైదరాబాదు బస్సు జగిత్యాల బస్టాండులో ఆగుతుంది కదా, చూద్దామని వెళ్లాను. కోరుట్లలో ఆగలేక పెద్దాయన, కోడలు అక్కడిదాకా ఎదురొచ్చి నిలబడి ఉన్నారు. ఒక చిన్న సంచి పట్టుకుని సన్నటి మనిషి దిగాడు. నేను ఊహించిన ఉస్తాద్‌కూ ఈ మనిషికీ పోలికే లేదు. పెద్దాయన కొడుకును ముట్టుకోలేదు, అతని చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి చూశాడు. "బక్కగైనవు రా" అన్నాడు. ఆ అమ్మాయి సంచి అందుకుంది. నేను పలకరించకుండానే ఇంటికి వచ్చేశాను. అది వాళ్ల సమయం.

ఆ ఏడాది ఆడిట్‌కు ఒక కుర్రవాడు వచ్చాడు. చాలా కచ్చితమైన మనిషి. పేరు కొనుక్కున్న ఖర్చును ఏ పద్దు కింద రాయాలో మా నిబంధనల్లో లేదు. ఎవరిని అడిగినా మీ పేరు మీరు కొనుక్కోవడమేమిటని నవ్వారు. దాంతో నేను రవాణా ఖర్చుల కింద రాశాను. ఆడిటరు వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇంత రవాణానా? ఎక్కడి నుంచి ఎక్కడికి?"

"మస్కట్ నుంచి కోరుట్లకు సార్."

"ఏం సరుకు?"

"ఒక మనిషి సార్."

ఆయన కలం కింద పెట్టాడు. అభ్యంతరం రాస్తే నా జీతంలో కోత పడుతుందని తెలిసే, జరిగినదంతా చెప్పాను. ఎక్కడా నవ్వలేదు ఆయన. అంతా విన్నాక ఒక్కటే అడిగాడు.

"సరుకు చేరిందా?"

"చేరింది సార్" అన్నాను.

ఆయన పేజీ తిప్పాడు.